జీపు మీద విమానం

మొన్న బరంపురంలో ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు మా ఆడపడుచుని పిలిచి సన్మానం చేశారు. మా ఆడపడుచంటే మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. బెంగుళూరులో విమానాలు తయారుచేసే చోట, గేటు దగ్గర ఆడపిల్ల కనబడితే ‘టైపు పరీక్ష పక్క బిల్డింగులో అమ్మా’ అని కాపలావాడు తనంతట తనే దారి చెప్పేసే రోజుల్లో, డిజైను విభాగంలో చేరిన మొదటి ఆడ ఇంజనీరు. చేరిన నాడు కూర్చోడానికి కుర్చీ లేకపోతే కిటికీ గట్టు మీద కూర్చుందట. చివరికి ఆ విభాగానికే పెద్దగా ఉండి పదవీ విరమణ చేసింది. నాకు శాలువాల మీద మోజు లేదు, మా ఊళ్ళో వాటిని కప్పుకునేంత చలి ఎప్పుడూ పడదు. అయినా ‘నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను’ అని ఆవిడ మొండికేస్తే, మోకాళ్ళ నొప్పుల్ని తిట్టుకుంటూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. ఉపన్యాసాలయ్యాక రెండు జడల అమ్మాయొకతె లేచి, “మేడమ్, మీ మొదటి పెద్ద ప్రయోగం ఏ ల్యాబులో చేశారు?” అని అడిగింది. మేడమ్ గారు మైకు పట్టుకుని స్టేజీ మీంచి నావైపు వేలు చూపించి, “అది మా వదినని అడగండి. అందులో సగం పని ఆవిడదే” అంది. హాలంతా నావైపు తిరిగింది. మైకు తెచ్చి నా మూతి దగ్గర పెట్టారు. నేను ‘అబ్బే, నాదేముందమ్మా’ అని ఏదో గొణిగి కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. అంత మంచి ప్రశ్నకి అంత చచ్చు జవాబా అని నా మీద నాకే కోపం వచ్చింది. ఆ పిల్లకి చెప్పవలసింది ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

నేను సోంపేట వైపు పిల్లని. పెళ్ళయి బరంపురంలో లంజిపల్లి పేటకి, అత్తవారింటికి వచ్చేసరికి నాకు ఒడియా ఒక్క ముక్క రాదు. అప్పడాలు చెయ్యడం మాత్రం వచ్చనుకునేదాన్ని. అదీ రాదని మొదటి వారంలోనే తేలిపోయింది. మా మావగారిది అప్పడాలు, పచ్చళ్ళ టోకు వ్యాపారం. పొద్దున్నే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి వెనక వసారాలో పీటలు వాల్చుకుని కూర్చునేవారు. మినప్పిండి, ఇంగువ, మిరియాలు కలిసిన ఘాటు ఇంటి గోడలకి పట్టేసి ఉండేది. నేను గుమ్మంలో అడుగుపెట్టి తుమ్మిన తుమ్ములకి, కొత్త కోడలికి జలుబు చేసిందని డాక్టరుకి కబురు పెట్టారు. ఆ వసారాకి రాణి మా అత్తగారు. మాట తక్కువ మనిషి. ఏ అప్పడం అంచు మందంగా ఉందో దూరం నుంచే కనిపెట్టి, ఏమీ అనకుండా దాని మీద వేలు పెట్టి ఊరుకునేది. ఆ వేలికి నాతో సహా అందరూ భయపడేవాళ్ళం.

వత్తిన అప్పడాలన్నీ డాబా మీద పాత చీరలు పరిచి ఆరేసేవాళ్ళం. ఎండ ఎక్కేసరికి గోపాల్‌పూర్ వైపు నుంచి సముద్రపు గాలి మొదలై, సగం ఆరిన అప్పడాల్ని ఎత్తుకుపోయి పక్కింటి పెరట్లో పడేసేది. పక్కింటివాళ్ళు మర్యాదస్తులు, ఏరుకుని వేయించుకు తినేవారు. ఈ అప్పడాలకి కాపలా మా ఆడపడుచు. అప్పటికి స్కూలు ఫైనలు చదువుతోంది. పిట్టగోడ చాటున పరిస్తే గాలి తగలదని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్ళం. ఎగిరేవి మాత్రం సరిగ్గా అక్కడివే. ‘మన ఖర్మ’ అనుకుని ఊరుకున్నాం గానీ ఎందుకని ఎవరమూ ఆలోచించలేదు. ఈ పిల్ల ఆలోచించింది. మా ఇంటికి దగ్గర్లోనే పట్టుచీరలు నేసే వీధి ఉంది. అక్కడికి పోయి మగ్గం కింద పడిన పట్టుదారం ముక్కలు గుప్పెడు తెచ్చింది. పిట్టగోడ లోపలి వైపు వరసగా చీపురు పుల్లలు గుచ్చి, వాటికి పోగులు కట్టి, తిండి మానేసి చూస్తూ కూర్చుంది. సాయంత్రం నన్ను పిలిచింది.

“సూడొదినా, గోడ దాటొచ్చిన గాలి తిన్నగా ఎల్లట్లేదు. ఎనక్కి తిరిగొచ్చి ఇక్కడ సుడి తిరుగుతంది. పోగులు సూడు, గోడకేసి ఊగుతన్నాయి.”

గాలి ఒకవైపు వీస్తుంటే దారాలు దానికి ఎదురు ఊగడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. మర్నాటి నుంచి అప్పడాలు గోడకి దూరంగా, డాబా నడి మధ్యలో పరిపించింది. ఎగరడం చాలా తగ్గిపోయింది. పక్కింటివాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు.

ఆ పిల్ల మద్రాసు వెళ్ళి విమానాల ఇంజనీరింగు చదువుతానన్నప్పుడు ఇంట్లో గొడవ జరుగుతుందని బంధువులందరూ ఆశపడ్డారు. జరగలేదు. మా మావగారు గల్లా పెట్టె మీద చెయ్యి వేసుకుని, “గాలి గురించి సదువుతాదంట. మంచిదే. మన యాపారానికి పనికొస్తాది” అన్నారు. అంతే, చదువు సాగిపోయింది. సెలవులకి ఇంటికొస్తే వీధిలో వాళ్ళు తిరగని టేబులు ఫాన్లు పట్టుకొచ్చేవారు. తనది ఆ ఇంజనీరింగు కాదని చెప్పడం కంటే బాగుచేసి పంపడం సులువని బాగుచేసేది. తర్వాత బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. క్లాసులో ఒక్కతే ఆడపిల్ల, ఆఫీసులోనూ ఒక్కతే. ఆడవాళ్ళ మరుగుదొడ్డి కోసం ఆ ఆవరణలో ఒక చివర నుంచి ఇంకో చివరకి సైకిలు మీద వెళ్ళేదాన్నని చెప్పి నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి, ఒక మార్గశిర మాసంలో, రైలు దిగి ఇంటికొచ్చింది. చేతిలో సంచీ, చంకలో పరుపు చుట్టలో చుట్టిన పొడుగాటి పెట్టె. వీణ అని చెబితే రైల్లో అందరూ జరిగి చోటిచ్చారట. పెట్టె విప్పితే లోపల చేతి పొడవున తెల్ల రంగు వేసిన చెక్క విమానం. బొమ్మే, కానీ ఎంత నున్నగా ఉందో, ముట్టుకుంటే చెయ్యి జారిపోయేది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా సంగతి చెప్పింది.

వాళ్ళ ఆఫీసులో కుర్రాళ్ళకి విమానం నడపడం నేర్పడానికి రెండు సీట్ల చిన్న విమానమొకటి తయారవుతోంది. దిగేటప్పుడు ముక్కు పైకెత్తి వేగం తగ్గిస్తే తోక గజగజ వణుకుతోందట. పెద్దవాళ్ళంతా తోకని ఇంకా గట్టిగా చెయ్యాలంటున్నారు. ఈమె కాదంటోంది.

“తలుపు కొట్టుకుంటంటే తలుపుకి ఇనప పట్టీ ఎయ్యమంటన్నారొదినా. గాలి ఏ సందులోంచొస్తందో సూద్దామంటే ఇనరు. రెక్క ఒంటికి అతుక్కున్న మూల దగ్గర గాలి ఇరిగిపోతంది. అదెల్లి తోకని కొడతంది. తోక తప్పేటి?”

ఆ మూలని పూడ్చి, నున్నగా వంపు తిప్పితే చాలని ఆమె లెక్క. అది రుజువు చెయ్యాలంటే గాలి సొరంగం కావాలి. పెద్ద గొట్టం లాంటి గదిలో బొమ్మ విమానాన్ని నిలబెట్టి గాలి ఊదుతారట. ఆ సొరంగం పెద్ద విమానాలకే చాలడం లేదని, ఒక అమ్మాయి ఊహ కోసం ఖాళీ చెయ్యలేమని పై అధికారి చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ‘నీ చేతి గీత ముత్యంలా ఉంటుందమ్మా’ అని మెచ్చుకుంటూనే, ఇకనుంచి నకళ్ళు దించే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. సెలవయ్యి వెళ్ళగానే మీటింగు ఉంది. అందులో నక్షాలు ఖాయమైపోతే ఇంక ఎవరూ మార్చరు.

“ఈపాలి సూపించలేకపోతే, ఇంక నా బతుకంతా ఎవులో గీసిన గీతలు దిద్దుకుంటా కూకోవాల” అంది. తను ఏడవలేదు. నేనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన మాత్రం, “అయితే ఇప్పుడేటి సేద్దామంటావు?” అని అడిగారు. చెల్లెలు ఏదడిగినా ఆయన మొదటి మాట అదే.

సేద్దామన్నది ఏమిటంటే, విమానం మీదికి గాలి ఊదే దారి లేదు కాబట్టి విమానాన్నే గాలిలోకి తోసుకుపోవడం. మా మావగారి జీపుకి పైన ఇనప చట్రం బిగించి, దాని మీద ఈ బొమ్మని ముక్కు పైకెత్తి నిలబెట్టి, జీపుని వేగంగా నడపాలి. బొమ్మకి ఎడమ రెక్క మూల ఆఫీసు వాళ్ళు గీసినట్టే ఉంది. కుడి రెక్క మూల తన లెక్క ప్రకారం వంపు తిప్పించి తెచ్చింది. రెండు వైపులా పట్టు పోగులు అంటిస్తే, గాలి ఎటు సాఫీగా పోతోందో, ఎటు చెదిరిపోతోందో దారాలే చెబుతాయి. ఫోటో తీసి మీటింగులో బల్ల మీద పెడితే చాలు. నేత వీధి నుంచి నల్ల పోగులు మళ్ళీ వచ్చాయి. ఒక్క కొస మాత్రమే అంటించాలి, రెండో కొస ఆడుతుండాలి, జిగురు చుక్క ఆవగింజ కంటే పెద్దదవకూడదు. ఆ పని నాకు అప్పజెప్పింది. అప్పడాల పరీక్షలో తప్పిన చేతులు ఈ పరీక్షలో నెగ్గాయి. బొమ్మంతా పోగులంటించి లేచేసరికి నడుం పట్టేసింది గానీ, అత్తగారు వచ్చి ఒక్క పోగు మీదా వేలు పెట్టకుండా చూసి వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద మెప్పు ఆ ఇంట్లో నేను ఎరగను.

బరంపురం రోడ్ల మీద ఎద్దుబళ్ళనీ, రిక్షాలనీ తప్పించుకుంటూ అంత వేగం పోలేం. ఊరవతల రంగైలుండ దగ్గర పాత రన్‌వే ఉంది. విమానం ఎప్పుడో ఏ మంత్రిగారి కోసమో వచ్చేది. మిగతా రోజులు ఆవులవి. కోతల కాలం కాబట్టి చుట్టుపక్కల రైతులు అక్కడే వరి నూర్చి ఆరబోసుకునేవారు. సముద్రపు గాలి లేవకముందే పని కావాలని బుధవారం తెల్లారగానే వెళ్ళాం. మా ఆయన జీపు నడపడానికి, నేను పోగులు ఊడితే అంటించడానికి, ఆమె చూడ్డానికి. ఫోటోలకి పెళ్ళిళ్ళ స్టూడియో ఆయన్ని మాట్లాడుకున్నాం. ఒడియా ఆయన, మా పెళ్ళి ఫోటోలూ ఆయనవే. వాటిలో నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, అది వేరే సంగతి. ధాన్యం జరిపి దారి ఇవ్వమంటే రైతులంతా జీపు చుట్టూ మూగారు. ఒక ముసలాయన బొమ్మని ఎగాదిగా చూసి, “ఏటి బాబూ, ఉడాజాహజకి పిల్ల పుట్టిందేటి?” అన్నాడు. ఒడియాలో విమానాన్ని అలాగే అంటారు. అందరూ నవ్వుతూనే చేటలూ చీపుళ్ళూ తెచ్చి ఒక బారన దారి చేసిపెట్టారు.

జీపు పరుగెత్తింది. చట్రం పట్టుకుని పైకి చూస్తే పోగులన్నీ పిచ్చెత్తినట్టు ఆడుతున్నాయి. ఎడమ వైపూ అంతే, కుడి వైపూ అంతే. మళ్ళీ నడిపించింది. నెమ్మదిగా నడిపించింది, ఇంకా వేగంగా నడిపించింది. బొమ్మ ముక్కు దించి చూసింది, ఎత్తి చూసింది. రెండు వైపులా అదే గంతులు. ఎండ ఎక్కి గాలి లేచేసరికి ఆపేశాం. తిరిగొచ్చే దారిలో ఆమె బొమ్మని ఒళ్ళో పెట్టుకుని పోగులకేసే చూస్తూ కూర్చుంది. తన లెక్కే తప్పేమో, ఆఫీసులో వాళ్ళే ఒప్పేమో అన్న భయం ఆ మొహంలో మొదటిసారి చూశాను. ఇంత చదువు, ఇంత పట్టుదల, కుర్చీ లేని చోట కిటికీ మీద కూర్చుని సంపాదించుకున్న జాగా, అన్నీ ఈ దారం ముక్కల దగ్గర ఆగిపోతాయా అని నాకు ఒకటే బెంగ.

సాయంత్రం స్టూడియో ఆయన ఫోటోలు కడిగి తెచ్చాడు. అప్పడాల పీట మీద వరసగా పరిచి చూస్తూ కూర్చుంది. నేను కాఫీ తెచ్చేసరికి పడీ పడీ నవ్వుతోంది. భయపడిపోయాను.

“జెండా ఒదినా! జెండా!”

ఇక్కడ మా జీపు సంగతి చెప్పాలి. మా ఆడపడుచు చిన్నప్పుడెప్పుడో పచ్చడి జాడీల లోడుతో ఛత్రపురం అవతల ఆర్యపల్లి మలుపు దగ్గర అది రోడ్డు దిగి పొలంలో పడింది. ఒక్క జాడీ పగల్లేదు. అమ్మవారి మహిమ అని మా మావగారు ఆనాటి నుంచి జీపు ముందు భాగంలో, సరిగ్గా నడి మధ్యన, నిలువెత్తు వెదురు కర్రకి ఠాకురాణి అమ్మవారి ఎర్ర జెండా కట్టించారు. దానికి రోజూ తాజా బంతిపూల దండ. ఆ జెండా లేని జీపు మేమెవరం ఊహించుకోలేం. విమానం బొమ్మకి సరిగ్గా ముందు అంత కర్రా, గుడ్డా, పూలదండా రెపరెపలాడుతుంటే వచ్చే గాలి వచ్చేలోపే చెదిరిపోతోంది. బెంగుళూరులో ఇంకెవరి బండికైనా ఉంటే ఈ పిల్ల ఆమడ దూరం నుంచే కనిపెట్టి తీయించేది. చిన్నప్పటి నుంచీ ఇంటి మనిషిలా కళ్ళ ముందుండడంతో దాన్ని చూడనే లేదు. నేనూ చూడలేదు, జీపు నడిపిన మా ఆయనా చూడలేదు. చూసినవాడు స్టూడియో ఆయన ఒక్కడే. పెళ్ళిళ్ళలో అలవాటు కొద్దీ, దేవుడు లేకుండా ఫోటో తియ్యకూడదని, ప్రతి ఫోటోలోనూ జెండాని భక్తిగా మధ్యకి తెచ్చి పెట్టాడు.

లెక్క తప్పలేదు, జెండా తీస్తే చాలు. ఆ సంతోషం మా మావగారు కొట్టు కట్టేసి ఇంటికొచ్చేవరకే. “జెండా దించితే బండి గుమ్మం దాటదు” అన్నారు. “అయినా రేపేటోరం? లచ్చింవారం. రేపు బండి బయటికెలాగెల్తాది?”

మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారాల పూజలు, మా సోంపేట వైపూ చేస్తారు. బరంపురంలో ఒడియా వాళ్ళ మాణబసా లక్ష్మీపూజ కూడా కలిసి, మా అత్తవారింట ఆ పట్టింపు రెండింతలు. ఆ రోజు ఇంటి సొత్తు ఏదీ గడప దాటకూడదు. పక్కింటివాళ్ళకి తోడుకి చెంచాడు మజ్జిగ కూడా ఇవ్వం. సరుకు కదలదు, జీపుకి తాళం వేసి తాళంచెవి దేవుడి దగ్గర పెట్టేస్తారు. శుక్రవారం పొద్దున్నే ఆమె తిరిగి ఎక్కవలసిన మెయిలు బండి. ఇంక రోజు లేదు. మా ఆయన బతిమాలారు. నేను తలుపు చాటు నుంచి ఏదో అనబోయాను. మావగారు వినలేదు. తండ్రి మాటకి ఎదురు చెప్పడం ఆమెకీ తెలీదు. ఫోటోలు ఒక్కొక్కటీ ఏరి దొంతి పెడుతోంది.

వంటింట్లోంచి మా అత్తగారు బయటికొచ్చింది. ఆవిడకి జీపంటే పడదు. ఎక్కితే కడుపులో తిప్పి వాంతులవుతాయని ఆ ఇంటికి జీపు వచ్చినప్పటి నుంచీ ఒక్కసారీ ఎక్కలేదు. గుడికైనా రిక్షాలోనే.

“బండిలో నాను కూకుంటాను” అంది.

మావగారికి అర్థం కాలేదు. మాకూ కాలేదు.

“ఇంటి ఆడది బండిలో ఉంటే, ఆ బండి ఇంట్లో ఉన్నట్టు కాదేటి? మనది ఎవులికీ ఇచ్చీట్లేదు కదా. నాను తీసుకెల్తాను, నాను తెస్తాను. జెండా నా ఒళ్ళో ఎట్టుకుంటాను. పూలు నా తల్లో ఎట్టుకుంటాను. అమ్మోరు ముందు కూకుంటే ఏటి, నా ఒళ్ళో కూకుంటే ఏటి?”

ఆ ఇంట్లో ఆవిడ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు. మావగారు దేవుడి గదివైపు చూసి, “నీకు కడుపులో తిప్పుతాది గదా?” అన్నారు. “తిప్పనీ” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

లక్ష్మివారం వేకువనే గడపలకి బియ్యప్పిండి ముగ్గులు పెట్టి, పూజ కానిచ్చి, పసుపు పారాణితో మా అత్తగారు జీపు ముందు సీట్లో ఎక్కింది. కొప్పులో బంతిపూల దండ, ఒళ్ళో మడత పెట్టిన ఎర్ర జెండా. కళ్ళు గట్టిగా మూసుకుంది. వెదురు కర్ర ఇంట్లోనే ఉండిపోయింది. రంగైలుండలో రైతులు మా కోసం ముందే దారి ఊడ్చి ఉంచారు. ముత్తైదువని చూసి ఆ ముసలాయన జీపుకి దణ్ణం పెట్టాడు.

జీపు కదిలింది, వేగం అందుకుంది. నేను పైకి చూశాను. ఎడమ రెక్క మూల దగ్గర పోగులు లేచి, వెనక్కి తిరిగి, గింగిర్లు కొడుతున్నాయి. కుడి మూల దగ్గర ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. నూనె రాసి దువ్విన జుట్టులా ఒద్దికగా వెనక్కి పడుకుని ఉన్నాయి. నాకు ఇంజనీరింగు ఏం తెలుసు? అయినా ఆ క్షణంలో అంతా తెలిసింది. “ఒదినా, సూసినావా? సూసినావా?” అని ఆమె నా భుజం పట్టి ఊపేస్తోంది. నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు. మా ఆయన కూడా చూద్దామని తల పైకెత్తారు, జీపు ధాన్యం కుప్పవైపు మళ్ళింది. “నువ్వు ముందుకి సూడొరే!” అని మా అత్తగారు కేకేసింది. అప్పటికి ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. సగం మనిషి బయటికి వంగి, మెడ తిప్పి కూతురి విమానాన్ని చూస్తోంది. స్టూడియో ఆయన జీపులో వెనక నిలబడి “మా, టికే హసంతు!” అంటున్నాడు, కొంచెం నవ్వమ్మా అని. ఆవిడ నవ్వింది. గాలి లేచేవరకు అటూ ఇటూ తిరిగాం. ఇంక చాలన్నా ఆవిడ దిగలేదు, ఇంకో తూరి ఎల్దాం అంది.

ఇంటికొచ్చేసరికి మావగారు వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నారట. అత్తగారు దిగి, జెండా ఆయన చేతిలో పెట్టి, “సూసుకో, ఎల్లినవన్నీ ఒచ్చీసినాయి” అంది. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, నైవేద్యం వండటానికి కూర్చుంది.

మీటింగు సంగతి మా కొట్టుకి ఫోను చేసి చెప్పింది. అధికారులు ఫోటోలు చేతులు మార్చుకుంటూ చాలాసేపు చూశారట. పై అధికారి ఒక ఫోటో దగ్గర ఆగి, “ఈ మూలన పువ్వులు పెట్టుకుని నవ్వుతున్నది ఎవరు?” అని అడిగాడట. “మా అమ్మ సార్. ఆవిడ లేకపోతే జీపు కదలదు” అని చెప్పిందట. ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుడి రెక్కనీ ఎడమ రెక్కనీ మళ్ళీ చూసి, సొరంగం ఖాళీ చేయించమన్నాడు. సొరంగంలోనూ దారాలు అదే మాట చెప్పాయి. నకళ్ళు దించే బల్ల దగ్గరికి ఆమె మరి వెళ్ళలేదు. ఆమె గీసిన మూలతోనే కొత్త నక్షాలు బయటికొచ్చాయి.

విమానం ఎగిరిన రోజున మళ్ళీ ఫోను. కొట్లోంచి పరుగున వచ్చి పిలిస్తే నేనూ అత్తగారూ చేతులకి పిండితోనే వెళ్ళాం. ముందు నేను అందుకున్నాను. రెండో సీట్లో ఎవరు కూర్చుని తోకని గమనించాలన్న మాటొస్తే, ఆడవాళ్ళని ఎక్కించే అలవాటు లేదని ఎవరో అన్నారట. ఆ పై అధికారే, ‘అది ఆమె విమానం, ఆమే చూడాలి’ అని తన హెల్మెట్టు తీసి ఇచ్చాడట. “ఒణకలేదొదినా. ముక్కెత్తినారు, ఏగం తగ్గించినారు, నాను ఎనక్కి తిరిగి తోకనే సూస్తా కూకున్నాను. ఒణకలేదు” అంది. నేను ఫోను చెవికి పెట్టుకునే ఏడుస్తూ అత్తగారికి చెప్పాను. ఆవిడ చేతులకంటిన పిండి దులుపుకుంటూ నావైపు వింతగా చూసింది.

“ఎందుకు ఒణుకుతాది? మా పిల్ల సేతులెప్పుడైనా ఒణికినాయేటి, అది సేసిన ఇమానం ఒణకడానికి?”

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. మావగారూ లేరు, మా ఆయనా లేరు. ఏళ్ళు గడిచేకొద్దీ అన్నీ దూరమైపోతాయని అందరూ అంటారు. నాకు మాత్రం ఏడాది గడిచినప్పుడల్లా ఆ లక్ష్మివారం ఇంకాస్త దగ్గరికి జరుగుతోంది.